పిల్లల యాట - పెద్దల తగవు

గృహిణులు చదువుకొను పత్రికలో కంప్యూటరు ఆటల ప్రసంగ మెందుకని సోదరీమణులలో కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొందురేమో. ఏడాది క్రిందట మమ్ము నెవరైన నడిగినచో మేమును ఆ మాటయే యనియుందుము. ఆట లనగా చదువు చెడుట, కన్నులు చెడుట, చెప్పినమాట వినకపోవుట యనియే మా యభిప్రాయముగ నుండెను. 2020 సెప్టెంబరులో మన దేశ ప్రభుత్వము పబ్‌జీ యను ఆటను నిషేధించినప్పుడు పీడ విరగడయ్యెనని సంతోషించిన తల్లులలో మేము నొకరము. అట్టి మేము గత వేసవిలో ఒక యాట సర్వరునకు దినదినమును కాపలా కాసి, ఎవరెప్పుడు తెగిపోవుచున్నారో పద్దుపుస్తకములో వ్రాసికొంటి మనిన, దానికి కారణము ఆటమీది మక్కువ గాదు. రెండు కుటుంబముల నడుమ మిగిలిన యొక్క పోగు తెగిపోవుచుండుటయే కారణము.

మాది కోట్‌పల్లి. వికారాబాదు జిల్లాలో, అనంతగిరి కొండల ప్రాంతమున నున్న గ్రామము. ఆదివారములందు హైదరాబాదునుండి జనులు వచ్చి మా ప్రాజెక్టు నీటిలో పడవలు నడుపుకొని పోవుచుందురు గావున ఈ పేరు చాలమంది వినియే యుందురు. మా మామగారు జీవించియున్నంత కాలము ఇద్దరు కుమారుల సంసారములును ఒకే లోగిలిగ నుండెను. మా మరిదిగారు నాపరాతి వ్యాపారమునకై తాండూరులో కాపురము పెట్టినను, పండుగ వచ్చినచో అందరికిని ఇచ్చటనే పొయ్యి. మామగారు పోయిన పిదప పంపకములు జరిగినవి. పంపకములనాటి మాటలు ప్రతి యింటివారికిని తెలిసినవే, వ్రాయ నక్కరలేదు. బావి యెవరికి, బాట యెవరికి అను తగవు ముదిరి, తుదకు ఇంటి నడుమ నాపరాళ్లతో నొక గోడ లేచినది. అవతలి సగమునకు తాళము పడినది. మా తోడికోడలును మేమును పదునాలుగు మాసములు మాటలాడుకొన లేదు.

పెద్దలు మానినను పిల్లలు మానలేదు. మా కుమారునికి పదునాలుగేండ్లు. తాండూరులోని మరిదిగారి కుమారునకు పండ్రెండు. మా ఆడుబిడ్డ కూతురు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరములో పెరుగుచున్నది, దానికి పదునారు. ఈ ముగ్గురును సెలవు దినములలో మైన్‌క్రాఫ్టను ఆట యాడుదురు. ఇది స్వీడను దేశమున స్టాక్‌హోం నగరములోని యొక సంస్థ చేసి, 2011లో పూర్తిగ వెలువరించినది. 2014లో మైక్రోసాఫ్టువారు దానిని కొనిరి. 2023 నాటికి ముప్పది కోట్ల ప్రతులకు మించి యమ్ముడుపోయినదట. దీనిలో ముఖ్యమైన పని కాల్చుట, చంపుట గాదు. త్రవ్వుట, మోయుట, కట్టుట. మట్టి, రాయి, కఱ్ఱ అన్నియు చతురపు దిమ్మలుగ నుండును. వానిని పేర్చి యిండ్లు కట్టుకొందురు. మన చిన్ననాడు ఇసుకలో గుజ్జెనగూళ్లు కట్టుకొన్నట్లే యని యెంచుడు. ఇసుక మాత్రము వేఱు.

వీరు కట్టుచున్న దేమియో ఒకనాడు మేము తొంగి చూచితిమి. చూచి కొంతసేపు మాట రాక నిలుచుంటిమి. అది మా మామగారి యిల్లే. వాకిటి చింతచెట్టు, గొడ్లకొట్టము, ధాన్యపుటర్ర, దూరమున ప్రాజెక్టు నీరు, అన్నియు నున్నవి. డాలసు పిల్ల ఆరేండ్ల వయసున చూచిపోయిన అరుగుకూడ మరువక పెట్టినది. ఒక్కటి మాత్రము లేదు. ఇంటి నడుమ గోడ లేదు. “గోడ కట్టలేదేమిరా?” యని యడిగితిమి. “తాత ఉన్నప్పుడు లేకుండె గద!” యని మావాడు తెరమీదినుండి చూపు త్రిప్పకయే చెప్పెను.

ఇక సర్వరనగా నేమో చెప్పవలెను. ముగ్గురు మూడు చోట్ల నుండి ఒకే యింటిని కట్టవలె ననిన, ఆ యిల్లు ఎక్కడనో యొకచోట నుండవలెను గదా. ఎవడు ఏ దిమ్మ యెక్కడ పెట్టెనో కనిపెట్టి, తక్కినవారికి ఎప్పటికప్పుడు తెలుపు యంత్రమే సర్వరు. ఇట్లు పలువురు దూరమునుండి ఒకే లోకములో నాడుకొను పద్ధతి క్రొత్తది గాదు. ఇంగ్లండులో ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డు బార్టిల్ అను విద్యార్థులు 1978లోనే అట్టి యాట నొకదానిని ఆరంభించిరి. అందు బొమ్మలు లేవు, అన్నియు మాటలే. మా యింట ఆ సర్వరు మావాని ల్యాప్‌టాపులోనే యుండెను. వాడు ఆడుకొనుటయు దానిమీదనే. తక్కిన యిద్దరు తమ తమ ఇండ్లనుండి ఇంటర్నెట్టు ద్వారా దానిలోనికి వచ్చెదరు.

అట్లు వచ్చుటకు మా యింటికొక చిరునామా కావలెను. ఇందులో నొక చిక్కు కలదు. పాతపద్ధతి ఇంటర్నెట్టు చిరునామాలు ప్రపంచమంతటికిని కలిపి సుమారు 429 కోట్లు మాత్రమే. లోకములోని జనము ఎనిమిది వందల కోట్లు దాటినది. ప్రపంచ భాండాగారములోని చిరునామాలు 2011 ఫిబ్రవరి 3వ తేదీననే పంచుట ముగిసినది. అందుచే ఇంటర్నెట్టు కంపెనీలు పలువురు ఖాతాదారులను ఒకే చిరునామా వెనుక దాచి నడుపుచున్నవి. పది కాపురములున్న మేడకు వీధిలో ఒకే తలుపు సంఖ్య యున్నట్లు. లోపలివారు బయటికి పోవుటకు చిక్కులేదు గాని, బయటివాడు వచ్చి ఫలానావారి యిల్లేది యనిన చెప్పువాడుండడు. మావారు కంపెనీకి వేరుగ రుసుము కట్టి మా యింటికి ప్రత్యేకపు చిరునామా తెప్పించిరి. అటుపిమ్మటనే పిల్లలు కలిసికొనగలిగిరి.

మే నెల కడపట ముగ్గురికిని సెలవులు కలిసినవి. మాకు సాయంకాలము ఏడు గంటలైనప్పుడు డాలసులో ఉదయము ఎనిమిదిన్నర. అదియే వారి కూటము. నాలుగు దినములు కిలకిల నవ్వులు వినబడెను. అయిదవ దినమున తగవు మొదలయ్యెను. ఆడుచుండగనే తాండూరు పిల్లవాడును డాలసు పిల్లయు ఒక్కమారుగ బయట పడిపోవుదురు. సంబంధము తెగినదని తెరమీద కనబడును. రెండు మూడు నిమిషములకు గాని తిరిగి రాలేరు. చిత్ర మేమనగా, అప్పుడు లోపల చెక్కుచెదరక నిలిచియుండువాడు మావా డొక్కడే.

ఒకనాటి రాత్రి మా ఫోను మ్రోగెను. తాండూరు పిల్లవాడు. తల్లికి తెలియకుండ చేసినాడు కాబోలు, గొంతు తగ్గించి, “పెద్దమ్మా, బాయి నా దిక్కు కడితే చాలు, అన్న మమ్మల్ని బయటికి నూకుతున్నడు” అనెను. అంతటితో ఆగినను బాగుండెడిది. “మీ ఇంటోళ్లకు బయటికి నూకుడు అలవాటేనని మా అమ్మ అన్నది” అని ఏడ్చుచు ఫోను పెట్టివేసెను.

మేము మావానిని పిలిచి అడిగితిమి. ఇంటివానికి ఎదుటివారిని వెళ్లగొట్టు అధికారము ఆ యాటలో నున్న మాట నిజమే. “నేనేమి చెయ్యలేదమ్మా” అని వాడు తల వంచుకొనెను. గుమ్మడికాయల దొంగ యనగా భుజములు తడుముకొన్నట్లు మాకు తోచెను. “అందరు పడిపోగా నీ వొక్కడవే మిగులు టెట్లు?” అంటిమి. వానికి జవాబు తెలియలేదు. కన్నుల నీరు పెట్టుకొని, “రేపు ఆ ఊరంత తుడిచేస్త, సరేనా?” అనెను. నిజమునకు ఆ రాత్రి మేము మావానినే దోషిగ నిశ్చయించుకొంటిమి. వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని దాచి ప్రయోజన మేమి?

మరునాడు డాలసు పిల్ల తెరమీది మాటలు ఫోటో తీసి పంపెను. అది తెలివైన పిల్ల. “అత్తా, ఎవరైనా కావాలని తోసేస్తే నిన్ను వెళ్లగొట్టారని రాస్తుంది. మాకు సంబంధం తెగిందని మాత్రమే వస్తుంది. రెండూ వేరు” అని వ్రాసెను. ఆ యొక్క వాక్యము మా కన్నులు తెరిపించెను. తెగుట వేఱు, త్రెంచుట వేఱు. ఇరువది యేండ్లు ఇంటి పద్దు వ్రాసినవారము. పాలవాని లెక్క తప్పినచో ఏ దినమున తప్పెనో పట్టుకొనగలవారము. ఇది పట్టలేమా యని నడుము కట్టితిమి.

తెగుట యెట్లు జరుగునో మొదట తెలిసికొంటిమి. మన పెద్దలు రాత్రి పిల్లలకు కథ చెప్పునప్పుడు “ఊఁ కొట్టు” మందురు గదా. ఊఁ వినబడినంతసేపు కథ సాగును. రెండు మూడు మారులు ఊఁ లేకున్నచో పిల్లవాడు నిద్రపోయెనని తలచి చెప్పువారు మానుదురు. సర్వరు చేయునదియు నదియే. కొన్ని క్షణముల కొకమారు ప్రతి ఆటగానికిని “ఉన్నావా?” యని సందేశ మంపును; “ఉన్నాను” అని బదులు రావలెను. నియమించిన గడువులోపల రాకున్నచో, వాడు లేచిపోయెనని నిర్ణయించి పేరు కొట్టివేయును. ఆటగాని యంత్రమును అట్లే సర్వరు మాటకై ఎదురుచూచి, వినరాకున్న తెగినదని చెప్పును. కావున ఊఁ వినబడనంత మాత్రమున పిల్లవాడు అలిగిపోయె ననరాదు. గాలి హోరున ఊఁ వినబడక పోవచ్చును. చెప్పువారికే చెవుడు రావచ్చును. కారణము లనేకములు, ఫలము ఒక్కటి.

ఆలస్యమునకును తెగుటకును గల భేదమును గుర్తించితిమి. గాజుపోగులో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. మాకును డాలసునకును నేలమీది దూరమే రమారమి పదునాలుగు వేల కిలోమీటర్లు. పోయి వచ్చుటకు ఎంత తక్కువయైనను సెకనులో ఏడవవంతు పట్టును. త్రోవ చుట్టు దిరుగుడైన ఇంకను హెచ్చు. కావున ఆ పిల్ల పెట్టిన దిమ్మ ఒక రెప్పపాటు ఆలస్యముగ కనబడును. అంతేగాని దూరముచేత సంబంధము తెగనక్కరలేదు.

పద్దుపుస్తకములో నాలుగు గడులు గీసితిమి: తేది, గంట, ఎవరు పడిపోయిరి, ఒక్కరా అందరా. గంటలు మేము ఊహించి వ్రాయలేదు. సర్వరు తన దినచర్యను తానే వ్రాసికొనును. ఎవరెప్పుడు వచ్చిరి, ఎప్పుడు పోయిరి యనునది సెకనులతో సహా దానిలో నుండును. మావాడు చదువగా మేము వ్రాసితిమి. ఏడు దినములు గడచునప్పటికి లెక్క తేలెను. ఇద్దరును ఒక్కమారు పడిపోయినది ఏడు సారులు. తాండూరు పిల్లవాడు ఒంటరిగ పడిపోయినది అయిదు సారులు. డాలసు పిల్ల ఒంటరిగ పడిపోయినది ఒక్కసారియు లేదు. అందరికంటె దూరమున నున్న పిల్ల అందరికంటె నిలకడగ నున్నది!

ఇందువలన రెండు సంగతులు తెలిసినవి. ఒకటి, మాకు వచ్చిన రోగము ఒకటి కాదు, రెండు. రెండు, తాండూరు వారును డాలసు వారును ఒకే నిమిషమున పడిపోయినప్పుడు లోపము తాండూరులో నుండదు, డాలసులో నుండదు. ఇద్దరికిని ఉమ్మడియైనచోట నుండవలెను. ఉమ్మడియైనది మా యిల్లే.

మా యింట నైనను ఎక్కడ? దీనికి పింగను నొక చిన్న ఉపాయము కలదు. జలాంతర్గాములు నీటిలో శబ్దము పంపి ప్రతిధ్వని వినునట్లు, కంప్యూటరు వేరొక యంత్రమునకు పలుకు పంపి బదులు వచ్చువరకు ఎంతసేపు పట్టెనో చూచును. అమెరికాలో మైక్ మూస్ అనునాయన 1983 డిసెంబరులో దీనిని వ్రాసి ఆ శబ్దము పేరే పెట్టెను. మావాడు రెండు పింగులు నడిపెను: ఒకటి ఇంటిలోని రౌటరునకు, రెండవది బయటి లోకమునకు. రౌటరు పలికి బయటివారు పలుకకున్నచో తప్పు వీధి తీగలో. రౌటరే పలుకకున్నచో తప్పు ఇంటిలో. ఆనాటి సాయంకాలము ఏడు దాటి నాలుగు నిమిషములకు రెండును ఒక్కమారు మూగవోయినవి. రెండు నిమిషములకు మరల పలికినవి. రౌటరే నిద్రపోయి లేచుచున్నది.

మావాడు మాత్రము నిలిచియుండుటకు కారణము కూడ అప్పుడే బోధపడెను. సర్వరును వాని యాటయు ఒకే ల్యాప్‌టాపులో నున్నవి. ఆ రెంటి నడుమ మాట రౌటరు దాక పోవలసిన పనిలేదు. ఇంటి తలుపు మూసికొన్నచో వీథివారు లోనికి రాలేరు గాని, ఇంటిలోనివాడు ఇంటిలోనే యుండును గదా! వాని నిర్దోషిత్వమునకు సాక్ష్యము కావలసిన దానినే మేము నేరమునకు సాక్ష్యముగ చేసితిమి. ఆ రాత్రి వానికి ఇష్టమైన సర్వపిండి చేసిపెట్టితిమి. క్షమాపణ మాటలలో చెప్పలేకపోతిమి.

రౌటరు చెడిపోయిన దని ఇంటర్నెట్టు వారికి ఫోను చేయగా వారు వచ్చి పెట్టె మార్చిరి. మరునాడును అదే గతి. తీగ చూచిరి, బాగుగనే యున్నది. మావారు, “కరెంటు పోలేదు, దీపములు వెలుగుచునే యున్నవి, పెట్టె క్రొత్తది, ఇంకేమి చేయుదుము?” అని విసుగుకొనిరి.

ఎనిమిదవ దినమున మేము అనంతగిరికి పోయి అనంతపద్మనాభస్వామి దర్శనము చేసికొని ప్రొద్దుపోయి యింటికి వచ్చితిమి. ఏడు గంటలకు ఎవరును పడిపోలేదు. ఎనిమిది గంటలకును పడిపోలేదు. తొమ్మిది దాటిన పిదప ట్యాంకులో నీరు లేదని తెలిసి, మేము వెనుకదొడ్డికి పోయి బోరు మోటారు స్విచ్చి వేసితిమి. వేసిన క్షణముననే లోపలి గదినుండి, “అయ్యో, మళ్ల పోయిండ్రు!” అని మావాని కేక వినవచ్చెను.

మా చేయి ఇంకను స్విచ్చిమీదనే యుండెను. పిల్లను చంకలో పెట్టుకొని ఊరంతయు వెదకినట్లయినది మా పని. ప్రతి దినము సంధ్యాదీపము పెట్టి, ఏడు గంటల ప్రాంతమున ట్యాంకు నింపుటకు మోటారు వేయుచున్నది మేమే. మా పుస్తకములో పిల్లలు చేసినది వ్రాయుటకు గడులుండెను గాని, మేము చేసినది వ్రాయుటకు గడి లేకపోయెను! అప్పటి కప్పుడు అయిదవ గడి గీసితిమి: ఆ సమయమున ఇంటిలో నేమి జరుగుచుండెను?

ఒక్కమారు జరిగినది కాకతాళీయము కావచ్చునని, మరునాడు పగలు కావలె ననియే మూడు మారులు మోటారు వేసి చూచితిమి. మావాడు రౌటరు దగ్గర నిలుచుండెను. మూడు మారులును పెట్టెమీది దీపములు ఆరి వెలిగినవి. మోటారు తిరుగ నారంభించు క్షణమున అది మామూలుగ తిరుగునప్పటికంటె అయిదారింతల కరెంటు లాగును. ఆ లాగుటకు ఇంటిలోని వోల్టేజి ఒక రెప్పపాటు పడిపోవును. పూర్వపు తీగ బల్బులైనచో మినుకుమని మనకు చెప్పెడివి. నేటి ఎల్ఈడీ దీపములు పలుమారు ఆ పాటి తగ్గుదలను పైకి కనబడనీయవు. ల్యాప్‌టాపునకు తన బ్యాటరీ యున్నది. దిక్కులేనిది రౌటరొక్కటే. అది ఆరి, మరల మేల్కొని, బయటివారితో పరిచయము చేసికొనుటకు రెండు నిమిషములు పట్టుచున్నది.

కరెంటు పనివానిని పిలిపించితిమి. మోటారు వేయగనే రౌటరు ఆరునంత పడిపోవుట సరికాదని అతడు మీటరు దగ్గరి మెయిను స్విచ్చి విప్పి చూచెను. లోపల ఒక తీగ బిగువు సడలి, దాని పైతొడుగు మాడి నల్లబడి యుండెను. సడలిన కూడలిలో కరెంటు ఇరుకున పడి వేడి పుట్టించును. వోల్టేజి పడిపోవుటకు కారణము అదియే. “ఇట్లనే ఉంటే ఏదో ఒకనాడు అంటుకునేదమ్మా” అని అతడు ఆ ముక్కను కోసి మా చేతిలో పెట్టెను. దాని వాసన చూచి మా గుండె ఝల్లుమనెను. స్విచ్చి పెట్టె క్రింద మేము ఎండుమిరపకాయల బస్తాలు పెట్టుచుందుము. పిల్లల యాట చెడుటవలన గదా ఇల్లు దక్కినది! తీగ మార్పించి, రౌటరునకు చిన్న బ్యాటరీ పెట్టె నొకదానిని కొని తగిలించితిమి. ఆనాటినుండి ఇద్దరును ఒక్కమారు పడిపోవుట నిలిచిపోయినది.

ఇక మిగిలినది కష్టమైన పని. తాండూరునకు ఫోను చేయవలెను. మావారు తాము చేసెద మనిరి. వద్దంటిమి, మోటారు వేసినవారే చెప్పుట న్యాయము. పదునాలుగు మాసముల తరువాత మా తోడికోడలి గొంతు విని, అనుకొన్న మాటలన్నియు మరచిపోయి, “చెల్లే, నీ కొడుకును బయటికి నూకింది మావాడు కాదు, నేను” అంటిమి.

అవతల కొంతసేపు ఊఁ లేదు. పిదప, “మీరా అక్కా? మీకు ఆ ఆట ఎప్పుడొచ్చింది?” అనెను. “ఆట రాదు చెల్లే, మోటరు ఏసుడే వచ్చు” అని జరిగినదంతయు చెప్పితిమి. మాడిన తీగ మాట వచ్చునప్పటికి ఆమె నవ్వు మాని, “అయ్యో, దేవుడు కాపాడిండు. ఆ స్విచ్చి మామ పెట్టించిందే గద” అనెను. ఇద్దరమును కాసేపు మామగారిని తలచుకొంటిమి. బావి మాటగాని గోడ మాటగాని ఎత్తలేదు.

తాండూరు పిల్లవాడు ఒంటరిగ పడిపోవుట మాత్రము ఇంకను నిలువలేదు. మైక్రోవేవు పొయ్యియు వైఫైయు 2.4 గిగాహెర్ట్జు అను ఒకే తరంగముల తావున పనిచేయు ననియు, పాలు కాచునప్పుడు వైఫై తబ్బిబ్బగు ననియు మేము చదివియుంటిమి. “చెల్లే, వాడు ఆడుకునేటప్పుడు ఆ డబ్బ పొయ్యి పెట్టకు” అని ఉపదేశించితిమి. “మా ఇంట్ల ఆ డబ్బనే లేదక్కా!” అని యామె పకపక నవ్వెను. మా యింటి తప్పు మా చేతికి చిక్కి వారము తిరుగలేదు. అంతలోనే పరుల వంటింటిలో తప్పు వెదక బోయితిమి. పుస్తకములోని అయిదవ గడి ఎవరికి వారే వ్రాసికొనవలసినది గాని, ఒకరికొకరు వ్రాయదగినది కాదని తెలిసివచ్చెను.

ఆమెయే ఒక పుస్తకము పెట్టెను. నాలుగు దినములలో పట్టుకొనెను. వారి యింటి గోడలు దళసరి రాతిగోడలు. రౌటరు ముందుగదిలో నున్నది. పిల్లవాడు ఎండాకాలపు ఉక్కకు తాళలేక ఫోను తీసికొని మేడమెట్లమీద గాలికి కూర్చుండును. అచ్చట వైఫై బలహీనముగ నుండి, ఫోను తనంతట తానే మొబైలు డేటాకు మారును. కొంతసేపటికి మరల వైఫైకి వచ్చును. మారినప్పుడెల్ల దాని చిరునామా మారును. నిన్నటి యింటి చిరునామాకు జాబు వ్రాసినచో ఇల్లు మారినవానికి అందనట్లు, సర్వరు పలుకు వానికి అందకపోవును. ఆమె ఫోనులో ఆ మార్పిడిని నిలుపుదల చేయించి, పిల్లవాని చాప రౌటరున్న గదిలో వేయించెను. రోగము కుదిరెను.

ఆ నాలుగు దినములును సాయంకాలము లెక్క చెప్పుటకు ఆమె ఫోను చేయుచుండెను. లెక్కకు అయిదు నిమిషములు; మామిడికాయ తొక్కు, పిల్లల బళ్లు, కందుల ధర మొదలగు మాటలకు అరగంట.

మా సోదరీమణులకు మేము చెప్పదగినది కొంచెమే. మీ పిల్లలు ఆటలో తెగిపోవుచున్నామని మొరపెట్టినప్పుడు ఎవరిని తిట్టుటకును తొందరపడకుడు. ఒక్కరా, అందరా? ఏ గంటకు? అప్పుడు ఇంటిలో నేమి జరుగుచుండెను? ఈ మూడును వారము దినములు వ్రాయుడు. ఒక్కరే పడిపోయినచో వారివైపు, అందరును ఒక్కమారు పడిపోయినచో సర్వరువైపు చూడవలెను. ఒకమారు ఒకదానినే మార్చి ఫలము చూడుడు. రెండు మార్చినచో ఏది కుదిర్చెనో తెలియదు. మోటారు వేయగనే యంత్రములు ఆరి వెలుగుచున్నను, స్విచ్చి బోర్డు వేడెక్కినను, మాడు వాసన వచ్చినను మీరు విప్పి చూడబోక పనివానిని పిలిపించుడు. ఇది ఆటకొరకు గాదు, ఇంటికొరకు.

గోడ యిప్పటికిని ఉన్నది. బావి లెక్కయు తేలలేదు. అయినను తొలి ఏకాదశికి వారు వచ్చి అవతలి సగము తాళము తీసిరి. పిల్లలిద్దరును ఒకే చాపమీద కూర్చుండి, డాలసు పిల్లకొరకు ఎదురుచూచుచు, ఆ లేని యూరిలో బావికి గిలక కట్టుచుండిరి. ఆ రాత్రి మా తోడికోడలు మా ప్రక్కననే పండుకొని, పదునాలుగు మాసముల ముచ్చట్లు చెప్ప మొదలుపెట్టెను. దీపము లార్పిన చీకటిలో ఆమె నడుమ నడుమ ఆగి, “వింటున్నవా అక్కా?” అని యడుగుచుండెను. తెల్లవారుజామువరకు మేము ఊఁ కొట్టుచునే యుంటిమి.